వాడిన పోర్టబుల్ ఏసీని సరైన ధరకి అమ్మడం ఎలా

గోడకి కన్నం పెట్టనివ్వనని ఇంటి ఓనర్ ఖరాఖండిగా చెప్పేస్తే, చక్రాల మీద తిరిగే పోర్టబుల్ ఏసీ కొనుక్కుని వేసవి గట్టెక్కిన వాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. మేమూ అంతే. కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్‌లో మూడు వేసవులు దాంతోనే గడిపాం. తర్వాత ఇల్లు మారి స్ప్లిట్ ఏసీ పెట్టించుకున్నాక అది హాల్లో ఓ మూల, మీద పాత దుప్పటి కప్పుకుని ఎనిమిది నెలలు ఉండిపోయింది. చివరికి అమ్మేశాం. ఆ తర్వాత విశాఖలో మా వదిన వాళ్ళది, ఇక్కడ ఆఫీసులో ఒక స్నేహితుడిది, ఇలా మొత్తం మూడు అమ్మకాలు దగ్గరుండి చూశాను. వాటిలో అన్నిటికన్నా తక్కువ డబ్బు వచ్చింది మా దానికే. మెషీన్ బాగాలేక కాదు, నేను అమ్మిన పద్ధతి బాగాలేక.

కొనడానికి వచ్చేవాళ్ళ మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: ఇందులో గ్యాస్ ఉందా, ఇది నిజంగా చల్లబరుస్తుందా? ఫ్రిజ్ అయితే తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూస్తారు. పోర్టబుల్ ఏసీని మూలన ఉన్నదాన్ని ఉన్నట్టే లాగి, వెనక వేడిగాలి పైపు కిటికీకి పెట్టకుండా ఆన్ చేస్తే ముందు నుంచి చల్లగాలి, వెనక నుంచి వేడిగాలి రెండూ అదే గదిలోకి వస్తాయి. గది చల్లబడకపోగా ఇంకా వేడెక్కుతుంది. మా ఇంటికి వచ్చిన అబ్బాయి పది నిమిషాలు నిలబడి, "అన్నా, ఇది చల్లబడట్లేదు కదా" అన్నాడు. నేను ఎంత వివరించినా ఆయనకి నమ్మకం కుదరలేదు, 14 వేలు అనుకున్నది 9 వేలకి ఇచ్చేశాను. అందుకే ముందే చెప్తున్నాను, అమ్ముడుపోయేదాకా దాన్ని కిటికీ దగ్గర బిగించే ఉంచండి. ఇల్లు మారేటప్పుడు అమ్మాలనుకుంటే పాత ఇంట్లో ఉండగానే అమ్మండి.

ఎప్పుడు అమ్మాలి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది అంటారు కదా, సరిగ్గా అప్పుడు యాడ్ పెట్టడానికి సిద్ధం కండి. ఉగాది అటూ ఇటూగా మొదలై ఏప్రిల్ ఆఖరు దాకా మంచి గిరాకీ ఉంటుంది, ఎందుకంటే కొనేవాళ్ళకి ముందు ఇంకా రెండు నెలల ఎండలు కనిపిస్తుంటాయి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలుంటాయి, అప్పుడైతే ఎగబడి కొంటారని మే నెలాఖరు దాకా ఆగకండి. ఆ సరికి జనం "ఇంకో పది పదిహేను రోజులు ఓర్చుకుంటే వానలొచ్చేస్తాయి" అని లెక్కేసుకుంటారు, బేరం మీ చేతిలోంచి జారిపోతుంది. జూన్‌లో వానలు పడ్డాక ఇక ఎవరూ అడగరు. ఆ తర్వాత ఆషాఢం, ఇళ్ళు మారేవాళ్ళు కూడా తగ్గిపోతారు. జూన్ దాటిపోయి, మీకు అర్జెంటుగా డబ్బు అవసరం లేకపోతే, నా సలహా మళ్ళీ ఫిబ్రవరి దాకా జాగ్రత్తగా దాచమనే. దాచేముందు నీళ్ళు పూర్తిగా వంపేసి, కూలింగ్ లేకుండా ఫ్యాన్ మోడ్‌లో ఒక పూట నడిపి లోపల తడి ఆరనివ్వండి. లేదంటే ఏడాది తర్వాత తెరిస్తే బూజు వాసన కొడుతుంది, ఆ వాసన వచ్చిందంటే కొనేవాళ్ళు గుమ్మం దగ్గరే మనసు మార్చుకుంటారు.

ముందు శుభ్రం, తర్వాతే ఫోటో

మూలనున్న ఏసీని నిలబెట్టి ఉంచారా, పక్కకి పడుకోబెట్టారా గుర్తు చేసుకోండి. పడుకోబెట్టి ఉంటే నిలబెట్టిన వెంటనే ఆన్ చేయొద్దు. కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి జారి ఉంటుంది, అది వెనక్కి దిగడానికి టైమివ్వాలి. ఒక రోజంతా, అంటే 24 గంటలు నిలబెట్టి ఉంచితే టెన్షన్ ఉండదు.

తర్వాత కింద వెనక వైపు రబ్బరు మూత ఉంటుంది, డ్రెయిన్ మూత అంటారు, దాని కింద వెడల్పాటి ట్రే పెట్టి తియ్యండి. ఎన్నో నెలల నుంచి వాడకపోయినా లోపల నీళ్ళు ఉండొచ్చు. విశాఖలో మా వదిన వాళ్ళ మెషీన్‌లోంచి చెంబుడు నీళ్ళు వచ్చాయి. మామూలుగా ఈ మెషీన్లు గాలిలోంచి తీసిన తేమని లోపలి వేడి కాయిల్ మీద చల్లి ఆవిరి చేసి పైపులోంచి బయటికి పంపించేస్తాయి. హైదరాబాద్ లాంటి పొడి ఎండల్లో ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది. సముద్రం పక్కన ఉక్కపోత ఊళ్ళల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్ళు మిగిలిపోయి ట్యాంకు నిండుతుంది, నిండగానే కంప్రెసర్ ఆగిపోయి డిస్‌ప్లే మీద ఏదో కోడ్ చూపిస్తుంది. మీరు విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఈ విషయం కొనేవాళ్ళకి మీరే చెప్పండి. చెప్పకపోతే వారం తర్వాత "ఆగిపోయింది, పాడైనది అంటగట్టారు" అని ఫోన్ వస్తుంది.

ఫిల్టర్ జాలీలు ఒకటో రెండో ఉంటాయి. తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ వంగిపోయి మళ్ళీ గాడిలో కూర్చోదు. జాలీ తీశాక కనిపించే అల్యూమినియం రేకుల మీద దుమ్ముని మెత్తటి పెయింట్ బ్రష్‌తో పై నుంచి కిందికి నెమ్మదిగా దులపండి, అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. పైపు లోపల టార్చ్ వేసి చూడండి, బల్లి గుడ్లు, బొద్దింకలు, సాలెగూళ్ళు ఉండే చోటు అదే. ప్లగ్గు పిన్నులు కూడా చూడండి. నల్లగా కాలిన మరక ఉంటే అది సాకెట్ వదులై వేడెక్కిన గుర్తు, కొనేవాళ్ళు మొదట చూసేది కూడా దాన్నే. నాలుగొందలో ఐదొందలో ఇచ్చి ఎలక్ట్రీషియన్ చేత మంచి 16 ఆంప్స్ ప్లగ్గు వేయించండి, ఆ ఖర్చు ధరలో తిరిగి వచ్చేస్తుంది.

మీకు మీరే పరీక్ష పెట్టుకోండి

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెప్పించుకోండి. ఈ మొత్తం పనిలో మీకు అన్నిటికన్నా ఎక్కువ లాభం తెచ్చేది అదే. మధ్యాహ్నం పూట కిటికీకి పైపు సరిగ్గా బిగించి, తలుపు వేసి, తక్కువ టెంపరేచర్‌కి సెట్ చేసి ఇరవై నిమిషాలు నడవనివ్వండి. అప్పుడు వెనక గాలి లోపలికి పీల్చుకునే చోట ఒకసారి, ముందు గాలి బయటికి వచ్చే చోట ఒకసారి కొలవండి. రెండింటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటే మెషీన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నా స్నేహితుడి దాంట్లో లోపలికి వెళ్ళే గాలి 31, బయటికి వచ్చే గాలి 20 చూపించింది. ఆ రెండు అంకెలూ ఫోటో తీసి యాడ్‌లో పెట్టాం. వచ్చిన ఫోన్లలో సగం మంది ఆ ఫోటో చూసే చేశామన్నారు.

తేడా రాకపోతే కంగారు పడకండి. పైపు ఎక్కడైనా మడత పడిందా, మరీ పొడవుగా సాగదీశారా, వెనక కాయిల్ మీద దుమ్ము పేరుకుందా, వోల్టేజ్ తక్కువగా ఉందా, ఇవి చూడండి. అన్నీ బాగున్నా చల్లబడట్లేదంటే గ్యాస్ లీకై ఉండొచ్చు. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా వాడగా వాడగా అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. చాలా పోర్టబుల్ మోడళ్ళకి స్ప్లిట్‌కి ఉన్నట్టు గ్యాస్ నింపే వాల్వ్ బయట ఉండదు, అందుకే రిపేరుకి వేలల్లో అడుగుతారు. అంత ఖర్చు పెట్టి అమ్మితే మీకేమీ మిగలదు. అలాంటప్పుడు "కూలింగ్ రావట్లేదు, ఫ్యాన్ నడుస్తుంది" అని ఉన్నదున్నట్టు రాసి ఏసీ మెకానిక్‌కి తక్కువకి ఇచ్చేయడమే మేలు. వెనక స్టిక్కర్ మీద గ్యాస్ పేరు రాసి ఉంటుంది. ఆర్‌290 అని ఉంటే అది ప్రొపేన్, మండే గ్యాస్. ఆర్‌32 కూడా కొంతవరకు మండేదే. ఆ పేరు మెకానిక్‌కి ముందే చెప్పండి, వేరే గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోవద్దు.

సామాన్లన్నీ ఒకచోట చేర్చండి

రిమోట్, వేడిగాలి పైపు, పైపుని కిటికీలో నిలబెట్టే స్లైడర్ పట్టీ, డ్రెయిన్ మూత, బిల్లు, వారంటీ కాగితం. ఎక్కువగా పోయేది స్లైడర్, ఇల్లు మారేటప్పుడు ఏదో ప్లాస్టిక్ ముక్క అనుకుని పారేస్తాం. అది లేకపోతే కొనేవాళ్ళు వెయ్యి రెండు వేలు తగ్గించమంటారు. మీ దగ్గర లేకపోతే అట్ట ముక్కతో చూపించొద్దు, దుకాణంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీట్ కిటికీ కొలతకి కోయించి పైపు మందాన గుండ్రంగా కన్నం పెట్టించండి. రిమోట్ పోయి ఉంటే మోడల్ నంబర్‌తో వెతికితే సరిపోయేది దొరుకుతుంది.

బిల్లు పోయిందా? ఆన్‌లైన్‌లో కొని ఉంటే పాత ఆర్డర్లలోంచి మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. షోరూమ్‌లో కొని ఉంటే అప్పుడిచ్చిన ఫోన్ నంబర్ చెప్తే చాలా చోట్ల డూప్లికేట్ ఇస్తారు. బిల్లు ఉంటే రెండు లాభాలు: దొంగ సామాను కాదని కొనేవాళ్ళకి ధైర్యం, కంప్రెసర్ మీద వారంటీ ఇంకా మిగిలి ఉంటే దాన్ని చూపించి ధర నిలబెట్టుకోవచ్చు. ఆ వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందో లేదో మాత్రం కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే మాటివ్వండి.

ధర ఎంత పెట్టాలి

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, తాము కొన్న ధర నుంచి లెక్క మొదలుపెట్టడం. "నేను 38 వేలు పెట్టి కొన్నానండీ" అనే మాటకి కొనేవాళ్ళ దగ్గర విలువ లేదు. వాళ్ళు చూసేది ఈరోజు కొత్తది ఎంతకి వస్తుందనే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్నవాళ్ళు పాత బిల్లు పట్టుకుని బేరం చేస్తే కుదరదు. మీ మోడల్ గానీ అదే టన్నేజీ ఉన్న ఇంకో పోర్టబుల్ గానీ ఈరోజు ఆన్‌లైన్‌లో ఎంతుందో చూసి అక్కడి నుంచి కిందికి రండి.

నేను వాడే లెక్క ఇది. ఏడాది లోపుది, బిల్లూ సామానూ అన్నీ ఉంటే కొత్త ధరలో 60 శాతం దాకా అడగొచ్చు. రెండేళ్ళది అయితే సగం కంటే కాస్త తక్కువ, మూడు నాలుగేళ్ళది మూడో వంతు, ఐదేళ్ళు దాటితే పనిచేస్తున్నా సరే ఐదో వంతు వస్తే సంతోషంగా ఇచ్చేయండి. స్ప్లిట్ ఏసీతో పోల్చి ఎక్కువ ఆశించొద్దు, పోర్టబుల్ కొనేవాళ్ళు తక్కువ, అవసరం ఉన్నవాళ్ళే వస్తారు. అయితే అవసరం ఉన్నవాళ్ళు గట్టిగానే కొంటారు. అద్దె ఇళ్ళలో ఉండే ఉద్యోగులు, ఒక్క వేసవికి గడిచిపోతే చాలనుకునేవాళ్ళు, మంచం పట్టిన పెద్దవాళ్ళున్న ఇళ్ళు, చిన్న క్లినిక్కులు, ఏసీ బిగించడానికి వీల్లేని షాపులు.

మనసులో అనుకున్న ధరకి పదో వంతు కలిపి యాడ్‌లో పెట్టండి. మన దగ్గర బేరం ఆడకుండా ఎవరూ కొనరు, ఎంతో కొంత తగ్గించారన్న తృప్తి వాళ్ళకి ఉండాలి. 25 శాతం కలిపితే మాత్రం అసలు ఫోన్లే రావు.

యాడ్ ఎలా రాయాలి, ఎక్కడ పెట్టాలి

పోర్టబుల్ ఏసీ అంటే సగం మంది కూలర్ అనుకుంటారు. "నీళ్ళు ఎన్ని లీటర్లు పడతాయండీ?" అని మాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో లెక్కలేదు. అందుకే ఆ సంగతి రెండో వాక్యంలోనే తేల్చేయండి. స్నేహితుడి మెషీన్‌కి మేము రాసిన యాడ్ దాదాపు ఇలా ఉంది:

"ఒక టన్ను పోర్టబుల్ ఏసీ అమ్మకానికి. ఇది కూలర్ కాదు, కంప్రెసర్ ఉన్న ఏసీ, నీళ్ళు పోయక్కర్లేదు. గోడకి కన్నం అవసరం లేదు, పైపు కిటికీలోంచి బయటికి పెడితే చాలు. రెండు వేసవులు, రాత్రిపూట మాత్రమే వాడాం. 110 చదరపు అడుగుల బెడ్‌రూమ్‌కి బాగా సరిపోయింది, హాలుకి సరిపోదు. బిల్లు, రిమోట్, పైపు, కిటికీ స్లైడర్ ఉన్నాయి. ఎడమ పక్క ప్లాస్టిక్ మీద గీత పడింది, ఫోటో చూడండి. స్ప్లిట్ కన్నా శబ్దం ఎక్కువ. మీరు వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు నడిపి చూపిస్తాం. ధర 16,500. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం ఎప్పుడైనా రావచ్చు."

శబ్దం సంగతీ హాలుకి సరిపోదన్న సంగతీ ఎందుకు రాశామంటే, ఆ రెండూ తెలియక వచ్చినవాళ్ళు ఎలాగూ కొనరు, మన ఆదివారం పోతుంది. ఈ మెషీన్లో కంప్రెసర్ గదిలోనే ఉంటుంది కాబట్టి శబ్దం తప్పదు. ఒకే పైపు ఉన్న మోడల్ గదిలోని గాలినే వేడి చేసి బయటికి పంపుతుంది, ఆ ఖాళీని పూడ్చడానికి తలుపు సందుల్లోంచి బయటి వేడిగాలి లోపలికి వస్తుంది. అందుకే ఒక టన్ను స్ప్లిట్ ఇచ్చినంత చల్లదనం ఒక టన్ను పోర్టబుల్ ఇవ్వదు. తెలిసి వచ్చిన మనిషి మాత్రమే తృప్తిగా తీసుకెళ్తాడు.

ఫోటోలు పగటి వెలుతురులో తియ్యండి. ముందు వైపు, వెనక వైపు, కిటికీకి బిగించి ఉన్నట్టు ఒకటి, స్పెసిఫికేషన్ స్టిక్కర్, ప్లగ్గు, గీత పడిన చోటు, థర్మామీటర్. స్టిక్కర్ మీద సీరియల్ నంబర్‌లో చివరి అంకెలు కనిపించకుండా చూసుకోండి. దాంతో పాటు అరనిమిషం వీడియో కూడా తియ్యండి, ఆన్ చేసిన దగ్గర నుంచి, శబ్దంతో సహా.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ రెండింట్లోనూ పెట్టండి, కానీ నా అనుభవంలో మంచి బేరాలు దగ్గర్లోనే తెగాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు. వాచ్‌మన్‌కి కూడా ఒక మాట చెప్పి ఉంచండి, కొత్తగా ఎవరు దిగుతున్నారో ముందు తెలిసేది ఆయనకే. మా స్నేహితుడిది పక్క బ్లాకులోకి కొత్తగా అద్దెకి వచ్చిన జంటకి వెళ్ళింది, రవాణా ఖర్చు కూడా లేదు, చక్రాల మీద నెట్టుకుంటూ తీసుకెళ్ళారు.

ఫోన్లు మొదలయ్యాక

"లాస్ట్ ప్రైస్ ఎంత?" అని మెసేజ్ పెట్టేవాళ్ళకి ధర తగ్గించి చెప్పకండి. "వచ్చి చూడండి, నచ్చితే మాట్లాడుకుందాం" అంటే చాలు. నిజంగా కావాల్సినవాళ్ళు వేరే ప్రశ్నలు అడుగుతారు. కరెంటు ఎంత కాలుతుందంటే, ఒక టన్నుది గంటకి 1.2 నుంచి 1.4 యూనిట్ల దాకా తీసుకుంటుంది, రాత్రి ఎనిమిది గంటలు కంప్రెసర్ ఆగకుండా నడిస్తే పది పదకొండు యూనిట్ల దాకా అవుతుందని చెప్పండి, మీ స్టిక్కర్ మీద వాట్స్ చూసి సరిచేసుకోండి. ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని అడిగితే, ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ పెట్టుకునే బ్యాటరీ ఇన్వర్టర్ మీద నడవదని స్పష్టంగా చెప్పండి. వాళ్ళ కిటికీ ఎలాంటిదో మీరే అడగండి. పక్కకి జరిగే కిటికీ అయితే స్లైడర్ నేరుగా కూర్చుంటుంది. పాత ఇళ్ళల్లో రెక్కలు బయటికి తెరుచుకునే చెక్క కిటికీలు, లోపల ఇనుప ఊచలు ఉంటే పైపు పెట్టడం కష్టం, ప్లైవుడ్ కోయించుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న అడగడం వల్ల నాకు రెండు వృథా రాకపోకలు తప్పాయి.

మోసగాళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే యాడ్ పెట్టిన గంటలోనే మొదటి ఫోన్ వాళ్ళదే కావచ్చు. ఆర్మీలో పనిచేస్తున్నాను, ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయింది అంటారు, యూనిఫాంలో ఫోటో, ఐడీ కార్డు కూడా పంపిస్తారు. బేరమే ఆడరు, చూడటానికి కూడా రారు, ఇప్పుడే డబ్బు వేస్తాను, మా మనుషులు వచ్చి తీసుకెళ్తారు అంటారు. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేస్తే మీకు డబ్బు వస్తుందంటారు. ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా అమ్మానాన్నలకి: డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనిలేదు, దేన్నీ స్కాన్ చేయాల్సిన పనిలేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ఇంకోరకం ఉంది, "పొరపాటున పదివేలు ఎక్కువ వేశాను, తిరిగి పంపండి" అంటూ బ్యాంకు నుంచి వచ్చినట్టే ఉండే దొంగ మెసేజ్ పంపుతారు. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

చూపించే రోజు

వాళ్ళు బయలుదేరామని చెప్పగానే ఏసీ ఆన్ చేయండి. ఆన్ చేశాక కంప్రెసర్ అందుకోవడానికి మూడు నిమిషాల దాకా పడుతుంది, ఆపి మళ్ళీ వేసినా అంతే. ఆ సంగతి తెలియనివాళ్ళు స్విచ్ వేసి గాలికి చెయ్యి అడ్డుపెట్టి వెంటనే పెదవి విరిచేస్తారు. తలుపు తెరిచి లోపలికి రాగానే గది చల్లగా తగలాలి. ఆ తర్వాత వాళ్ళ చేతనే ఆపించి, మళ్ళీ ఆన్ చేయించి, థర్మామీటర్ వాళ్ళ చేతికే ఇవ్వండి.

విశాఖలో చూడ్డానికి వచ్చింది ఒక రిటైర్డ్ మాస్టారు. మంచంలో ఉన్న తల్లి కోసం వెతుకుతున్నారట. ముందు గాలికి అరచెయ్యి పెట్టారు, తర్వాత వెనక పైపుని ముట్టుకుని వేడిగా ఉందని తల ఊపారు. వంగి కింద మూత చూసి, "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి తియ్యాలమ్మా?" అని అడిగారు. "వర్షాకాలం అయితే రోజూ చూసుకోవాలి మాస్టారూ, ఎండాకాలంలో రెండు మూడు రోజులకి ఒకసారి, నిండితే దానంతట అదే ఆగిపోతుంది" అని వదిన చెప్పింది. శబ్దం గురించి కూడా తనే చెప్పింది. ఆయన ఒక నిమిషం కళ్ళు మూసుకుని కూర్చుని విన్నారు. "మా అమ్మకి చెవులు సరిగ్గా వినపడవులే" అని లేచి, మేము అడిగిన దాంట్లో ఐదొందలు మాత్రమే తగ్గించి డబ్బిచ్చారు. మూడు అమ్మకాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు కొనేవాళ్ళని పిలవొద్దు. పక్కింటివాళ్ళనైనా కాసేపు కూర్చోమనండి. వైఫై ఉన్న మోడల్ అయితే మీ ఫోన్ యాప్‌లోంచి డివైస్ తీసేసి, ఏసీని రీసెట్ చేసి ఇవ్వండి. పాత అట్టపెట్టె మీద మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ ఉన్న కాగితం చింపేయండి. డబ్బు యూపీఐలో వేస్తే వాళ్ళు చూపించే స్క్రీన్‌షాట్ కాకుండా మీ బ్యాంకు యాప్ చూసుకున్నాకే మెషీన్ గుమ్మం దాటాలి. ఒక తెల్ల కాగితం మీద మోడల్, సీరియల్ నంబర్, ధర, తేదీ, "నడిపి చూసి తీసుకున్నాను" అని రాసి ఇద్దరూ సంతకం పెట్టి చెరొక ఫోటో తీసుకోండి. తర్వాత మాటల తేడాలు రావు.

తీసుకెళ్ళేటప్పుడు

మా మెషీన్‌తో అసలు దెబ్బ తగిలింది ఇక్కడే. ఆరోజు డ్రెయిన్ మూత తీసి నీళ్ళు వంచడం మర్చిపోయాను. ట్రాలీ ఆటో అతను పడిపోకుండా ఉంటుందని దాన్ని పక్కకి పడుకోబెట్టాడు, నేను పైనుంచి చూస్తూ కూడా ఏమీ అనలేదు. లోపలి నీళ్ళు సర్క్యూట్ బోర్డు మీదికి వెళ్ళాయి. ఆ అబ్బాయి ఇంటికెళ్ళి వెంటనే ఆన్ చేస్తే డిస్‌ప్లే వెలగలేదు. తప్పు నాది కాబట్టి బోర్డు రిపేరుకి 2 వేలు తిరిగిచ్చాను.

అందుకని డబ్బు తీసుకున్నాక కూడా మీ పని అయిపోలేదు. కూలింగ్ ఆపి, మూత తీసి నీళ్ళు పూర్తిగా వంచి, మూత గట్టిగా బిగించండి. ఆ మూత పోతే ఇల్లంతా నీళ్ళే, అందుకే టేపు కూడా వేసి పంపండి. ముప్పై కిలోల అటూ ఇటూగా బరువు ఉంటుంది, మెట్ల మీద చక్రాలతో దించితే చక్రం విరుగుతుంది, ఇద్దరు మనుషులు పట్టుకుని దించాలి. బండిలో నిలబెట్టి, చుట్టూ దుప్పటి చుట్టి తాడుతో కట్టాలి. ట్రాలీ ఆటోలో గానీ టాటా ఏస్‌లో గానీ నిలబెట్టే చోటు ఉంటుంది, కారు వెనక సీటులో పడుకోబెట్టి తీసుకెళ్తామంటే వద్దని గట్టిగా చెప్పండి. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే ఇంటికెళ్ళాక 24 గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడే ఆన్ చేయమని ఆ సంతకం కాగితం మీదే రాసివ్వండి. పైపు, స్లైడర్, రిమోట్ ఒకే సంచిలో వేసి వాళ్ళ చేతికే ఇవ్వండి, బండిలో వేస్తే ఏదో ఒకటి దారిలో పోతుంది.

ఎవరూ కొనకపోతే

షోరూముల్లో ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఉన్నప్పుడు పోర్టబుల్ తీసుకుంటారా అని ముందే ఫోన్ చేసి అడగండి, చాలామంది స్ప్లిట్, విండో ఏసీలే తీసుకుంటారు. పూర్తిగా పాడైపోయిన దాన్ని మాత్రం బండి మీద పాత సామాన్లు కొనేవాళ్ళకి ఇవ్వొద్దు. రాగి పైపు కోసం వాళ్ళు దాన్ని అక్కడికక్కడే నరికేస్తారు, గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, ఆర్‌290 అయితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో ఏసీలు కూడా ఉన్నాయి, వాటి ప్రకారం పాతవాటిని రీసైక్లింగ్‌కి పంపించే బాధ్యత తయారు చేసిన కంపెనీ మీద ఉంది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పాత ఏసీ ఎక్కడ ఇవ్వాలో అడిగితే దారి చెప్తారు.

అమ్ముడుపోయిన సాయంత్రమే అన్నిచోట్లా యాడ్ తీసేయండి, వాట్సాప్ గ్రూపులో కూడా "అమ్మేశాం" అని ఒక మాట పెట్టండి. రెండు రోజులాగి తీసుకెళ్ళినవాళ్ళకి ఫోన్ చేసి పైపు సరిగ్గా కూర్చుందా, చల్లబడుతోందా అని అడగండి. మాస్టారికి ఫోన్ చేస్తే కిటికీ దగ్గర సందు ఉండిపోయిందని చెప్పారు, పాత దిండు గలీబులో స్పాంజి కుక్కి అక్కడ పెట్టమన్నాం. మర్నాడు ఆయనే ఫోన్ చేసి అమ్మగారు రాత్రి బాగా నిద్రపోయారని చెప్పారు.